ముద్ర పడని రాడ్లు

ఆ వేసవిలో మా రాజా కారు ఇంజన్ను రెండుసార్లు విప్పారు. మొదటిసారి బాగుచేయడానికి, రెండోసారి ఏమైందో తెలుసుకోవడానికి. రెండుసార్లూ విప్పింది లింగమే. మొదటిసారే నేను పక్కన నిలబడ్డాను.

మొదటిసారి 2003 మార్చి చివర. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో లింగం షెడ్డు రేకులు అప్పటికే కాలుతున్నాయి. రాజారావు నా ఒక్కగానొక్క కొడుకు. మా నాన్న పేరు పెట్టుకున్నాం, ఇంట్లో రాజా అంటాం. వాడు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక సెకండ్ హ్యాండులో ఒక టర్బో డీజిల్ కారు కొన్నాడు. ఒక మందుల కంపెనీకి తిప్పేవాడు. బేగంపేటలో విమానం దిగినవాళ్లను తీసుకొచ్చి, పనయ్యాక మళ్లీ దింపి రావాలి. ఆ కారు రుద్రారం దగ్గర నల్లటి పొగ వదిలి ఆగిపోయింది.

లింగం ఇంజన్ లోపలినుంచి ఒక పిస్టన్ తీసి, గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"గిది పిస్టన్ అంటరా సార్? ఎలుక కొరికిన బెల్లం ముక్క లెక్కుంది."

నిజంగానే అంచంతా కరిగి, కొరికినట్టుంది.

"ఆయిల్ మొన్ననేగా మార్పించాను లింగమన్నా," అన్నాడు రాజా.

"ఆయిల్ మారిస్తే అయిపాయెనా? బండి ఎట్ల ఆపుతవు నువ్వు? ఎయిర్‌పోర్టు కాడికెంచి ఉరికిచ్చుకొస్తవు, గేటు కాడ టక్కున తాళం తిప్పుతవు. లోపల టర్బో ఇంక గిర్రున తిరుగుతనే ఉంటది, దానికి ఆయిల్ బంద్. ఉరికొచ్చినోన్ని జెర నిలవడి గుక్కెడు నీళ్లు తాగనియ్యవా?"

రాజా నవ్వాడు. "ఇకనుంచి తాగిస్తాలే అన్నా."

"అది సచ్చి పండుకున్నది. ఇగ ఎవలికి తాగిస్తవు?"

మూడో సిలిండరు రాడ్ విల్లులా వంగిపోయింది. పిస్టన్ మీద పడే దెబ్బను కింద తిరిగే క్రాంకుకు అందించేది ఆ రాడ్డే. లింగం దాన్ని బల్లమీద దొర్లించి, అది కుంటుతూ ఆగడం మాకు చూపించాడు.

"బయటి సామాను ఏదన్న పెట్టు, నేనేమన," అన్నాడు. "ఖరాబైతే బండి నువ్వు ఆపుకుంటవు. లోపలి సామాను ఖరాబైతే అదే నిన్ను ఆపుతది. మామూలు బండికి పడే దెబ్బ వేరు, టర్బో బండికి పడే దెబ్బ వేరు. పిస్టన్లు, రింగులు, బేరింగులు, రాడ్లు ఒక్కొక్కటి చూసి ఏరుకోవాలె. రెండు దినాలైనంక రాండ్రి."

ఒకప్పుడు కాలేజీలో లోహాల గురించి పరీక్షలు రాసి పాసైనవాణ్ని నేను. ఆ రోజు లింగం చెప్పినంత తేటగా ఎవరూ నాకు చెప్పలేదు.

*

నేను అదే పారిశ్రామికవాడలో ఒక ఫోర్జింగ్ ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసేవాణ్ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఎర్రగా కాలిన ఉక్కు కడ్డీని అచ్చులో పెట్టి పెద్ద యంత్రపు సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే రాడ్ ఆకారం వస్తుంది. మా దగ్గర్నుంచి అవి పుణె వెళ్తాయి. అక్కడ చెక్కి, నునుపు చేసి, ఇంజన్లలో వేస్తారు.

దెబ్బ ఒక్క రవ్వ పక్కకు పడిందంటే, మెత్తగా ఉన్న ఉక్కు తనమీద తానే మడతపడుతుంది. పైకి ఏమీ కనబడదు. చీకటి గదిలో అయస్కాంతం పట్టించి, రంగునీళ్లు పోసి, నీలి దీపం కింద పెడితే ఆ మడత పచ్చటి వెంట్రుకలా వెలుగుతుంది. అలాంటి ముక్క మీద 'ఆర్' అక్షరం ముద్ర కొట్టాలి. సుత్తి నడిపినవాడి నంబరు రిజిస్టరులో రాయాలి. ముద్ర పడ్డ ముక్కను గ్యాసుతో రెండుగా కోసిగానీ తుక్కులోకి పంపకూడదు. పద్ధతి అది.

రెండో సుత్తి మొగులయ్యది. కొండాపూర్ దగ్గరి పల్లె నుంచి సైకిలు మీద వచ్చేవాడు. అంతకు ఏడాదిన్నర ముందు నా భార్య కమలాకుమారి ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉండి పోయింది. మా కాలనీలో బోరునీళ్లు పచ్చగా, మందు కంపుతో వచ్చేవి. ఆ ఇరవై రోజులూ మొగులయ్య తన ఊరి బావినీళ్లు రెండు క్యాన్లలో సైకిలుకు కట్టుకుని వచ్చి, మా గడపలో పెట్టి, తలుపు కూడా కొట్టకుండా షిఫ్టుకు వెళ్లిపోయేవాడు. తరవాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

కమల పోయిన కొద్ది నెలలకే అతని ముక్కల్లో మడతలు ఎక్కువయ్యాయి. వరసగా మూడు నెలలు హద్దు దాటితే మనిషిని సుత్తిమీంచి దింపి యార్డులో కాంట్రాక్టు కూలీల్లో వేస్తారు. అతనికి రిటైర్మెంటు ఇంకా నాలుగేళ్లుంది. నేను ముద్ర కొట్టడం మానేశాను. అన్నిటికీ కాదు. పదింట్లో మూడింటికి కొట్టేవాణ్ని, రిజిస్టరు నమ్మాలి కదా. మిగతావాటి మీద చాక్‌పీసుతో గీత గీసి పక్కన పెట్టేవాణ్ని. రిజిస్టరులో లేని ముక్క గ్యాసు కోతకు వెళ్లదు. అందుకని షిఫ్టు దిగేముందు వాటిని తుక్కు డ్రమ్ములో కత్తిరింపుల అడుక్కి తోసేవాణ్ని. అదంతా కరిగించడానికే పోతుందనుకున్నాను.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. మొగులయ్యకీ తెలియదు. రోజూ సాయంత్రం తనిఖీ గది తెర దగ్గర నిలబడి అడిగేవాడు: "ఎట్లొచ్చినయి సార్ ఇయ్యాల?"

"బాగానే వచ్చాయి మొగులయ్యా."

అతని ముఖం విప్పారేది. దాన్ని దయ అనుకున్నాను. ఇప్పటికీ ఆ పనికి ఇంకో పేరు దొరకలేదు నాకు.

*

రెండు రోజుల తరవాత వెళ్లేసరికి లింగం గోనెపట్టా పరిచి, సామాను వరసగా పేర్చి పెట్టాడు. పిస్టన్లు రెండు రకాలు తెచ్చాడు.

"గిది సూడున్రి. పై గాడిల ఇనుప కట్టు వేరే రంగుల కనబడుతున్నదా? వేడికి గాడి అరగకుంట గది కాస్తది. గీ రెండోదాంట్ల కట్టు లేదు. చూస్తానికి అక్కచెల్లెండ్ల లెక్కనే ఉంటయి."

కట్టు ఉన్న పిస్టన్లే తీసుకున్నాం. బేరింగుల్లో మూడు పొరలవి. రాడ్ బోల్టులు పాతవి బాగానే ఉన్నాయని రాజా అంటే లింగం వాటిని తీసుకుని షెడ్డు బయటికి విసిరేశాడు. "ఒక్కపారి సాగిన బోల్టును మల్ల పెడితే నీకు నిద్ర పడ్తదేమో, నాకు పట్టది."

ఇక రాడ్లు మిగిలాయి. కంపెనీ డబ్బాలో రావాలంటే నెల పడుతుంది. నెలరోజులు కారు లేకపోతే మందుల కంపెనీ ఇంకో బండి పెట్టుకుంటుంది. ఇంకో దారి, ఎక్కడో గుద్దుకున్న కారులోంచి తీసిన పాత రాడ్లు. అవి టర్బోకు పెట్టనన్నాడు లింగం. మూడోది, రామచంద్రాపురంలో ఒక దుకాణంలో దొరికిన కొత్త రాడ్లు, నూనె కాగితంలో చుట్టినవి.

"కొత్తయే. తూకం నాలుగూ ఒక్కతీరుగున్నయి. గని డబ్బా లేదు, చీటీ లేదు. నాకెందుకో మనసొప్పుతలేదు సార్."

ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను. నడుం గాడిలో ఉబ్బెత్తుగా అచ్చు నంబరు ఏడు, పక్కన ఏ విడతలో కరిగిన ఉక్కో చెప్పే గుర్తు. నా చేతివేళ్లకు ఇరవై రెండేళ్లుగా తెలిసిన అక్షరాలు.

"రాజా, ఇవి మావిరా!" అన్నాను. నాకు తెలియకుండానే గొంతు పెద్దదైంది. "మా ఫ్యాక్టరీవి. పుణెలో మిగిలినవి ఒక్కోసారి విడిగా అమ్మేస్తారు, అలా వచ్చుంటాయి."

"అయితే ఇంకేం నాన్నా!"

లింగం ఒక రాడ్డును తీగకు వేలాడదీసి పానాతో తట్టాడు. గంటలా మోగింది. నాలుగూ మోగాయి. అయినా అతని ముఖం తేటపడలేదు.

"మీ కంపెనీల చీకటి రూమున్నది గద సార్. ఒక్కపారి అండ్ల పెట్టి సూడరాదుండ్రి?"

బయటి వస్తువును లోపలికి తీసుకెళ్లాలంటే గేటు దగ్గర రాయించాలి, సంజాయిషీ చెప్పాలి. కానీ అసలు కారణం అది కాదు. కొడుకు ముందు, నా పనికి నేనే సాక్ష్యం చెప్పుకోగలిగిన రోజు అది.

"ఒకసారి నేను చూసిందాన్ని మళ్లీ చూడ్డమేమిటి లింగం? తప్పుంటే దీనిమీద ముద్ర ఉండేది. ముద్ర లేదంటే బాగున్నట్టే."

అన్నాను ఆ మాట. నోరు తడబడకుండా, నవ్వుతూ అన్నాను.

"మీ మాట మీద పెడుతున్న సార్," అన్నాడు లింగం.

*

ఏప్రిల్ రెండో వారానికి కారు రోడ్డెక్కింది. వెయ్యి కిలోమీటర్ల వరకు అరవై దాటొద్దని లింగం చెప్తే రాజా అక్షరాలా పాటించాడు. ఒక ఆదివారం నన్నూ, హైమావతినీ ఎక్కించుకుని అమీన్‌పూర్ చెరువు దాకా తీసుకెళ్లాడు. హైమ నా కోడలు. పెళ్లై మూడేళ్లయింది. కమల పోయాక మా ఇంట్లో పెద్ద దిక్కు ఆ పిల్లే. చెరువులో నీళ్లు సగానికి పోయాయి, ఒడ్డంతా బీటలు. అయినా గట్టు మీద కూర్చుని పులిహోర తిన్నాం. కమల పోయాక మేం ముగ్గురం కలిసి బయటికి రావడం అదే మొదటిసారని ఎవరూ అనలేదు. ముగ్గురికీ తెలుసు.

ఇంటికొచ్చాక రాజా వెంటనే ఇంజన్ ఆపలేదు. రెండు నిమిషాలు అలాగే వదిలేశాడు.

"ఎందుకండీ, డీజిలు దండగ?" అంది హైమ.

"నీళ్లు తాగుతోందే," అన్నాడు వాడు.

*

మే నెలాఖరుకు ఎండ నిప్పులు చెరిగింది. ఫ్యాక్టరీలో సుత్తుల దగ్గర మనుషులు గంటకొకసారి తలమీద నీళ్లు గుమ్మరించుకుంటున్నారు. ఆ రోజు మధ్యాహ్నం మొగులయ్య తాటి ముంజలు తెచ్చాడు. తనిఖీ గది బయట బల్ల దగ్గర కూర్చుని, తోలు తీసి, ఒక్కొక్కటి ఆకులో పెడుతున్నాడు.

"మా సోమమ్మ పంపింది సార్. పెద్దసారు ఒక్కడే వండుకుంటడా అని అడుగుతది. కోడలున్నదే అంటే ఇనది."

"హైమ బాగానే చూసుకుంటోందని చెప్పు."

లోపల నీలి దీపం కింద అతని ముక్కలు పెట్టాను. ఎనిమిదింట్లో మూడు వెలిగాయి. ముద్ర కొట్టే ఉలి పక్కకు జరిపి, చాక్‌పీసు తీసుకుని మొదటిదాని మీద గీత గీశాను. బొటనవేలు తగిలి గీత చెదిరింది. తుడుచుకుపోయింది. మళ్లీ గీద్దామని ముక్కను తిప్పాను. అచ్చు నంబరు ఏడు. మీద గీత లేదు. ముద్ర లేదు. మంచి ముక్కలాగే ఉంది.

లింగం షెడ్డులో నా చేతికొచ్చిన రాడ్డూ ఇలాగే ఉంది.

తరవాత తెర తీసుకుని బయటికొచ్చి, బల్లమీది ఫోనుతో రాజా సెల్లుకు చేశాను. వాడు వెంటనే ఎత్తాడు. వెనక గాలి చప్పుడు.

"ఎక్కడున్నావురా?"

"సంగారెడ్డి దాటుతున్నా నాన్నా. సదాశివపేటలో ఒకాయన్ని ఎక్కించుకోవాలి. ఏం, ఏమైంది?"

మొగులయ్య నా ముఖంలోకి చూస్తూ ముంజ ఒకటి అందించాడు. అతనికీ నాకూ మధ్య రెండడుగుల దూరం. బండి అక్కడే ఆపు, తాళం తీసెయ్, దిగు, అని చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో ఈ మనిషి ఎదుట చెప్పాలి.

"ఏం లేదు. మెల్లగా పో. యాభై దాటొద్దు. సాయంత్రం ఇంటికొచ్చాక చెప్తాను."

"సరే నాన్నా. గొంతేంటి అలా ఉంది? ఎండలో తిరక్కు."

ఫోను పెట్టేశాను. ముంజ తీసుకున్నాను.

"కొడుకా సార్?"

"అవును."

"నిమ్మలంగ పొమ్మన్నవు, మంచిదే. ఎండకు టైర్లు పేలుతున్నయట రోడ్ల మీద."

ఫోను మళ్లీ మోగేసరికి మూడుంబావు అయింది. సదాశివపేటలో ఎక్కాల్సిన మనిషి ప్రయాణం మానుకున్నాడట. రాజా ఖాళీ కారుతో వెనక్కి వస్తూంటే, కంది ఇవతల, మూడో సిలిండరు రాడ్ తెగి ఇంజన్ పక్క గోడను చీల్చుకుని బయటికొచ్చింది. నూనె చక్రాల మీద పడింది. కారు రోడ్డు దిగి చింతచెట్టును కొట్టుకుంది. పొలంలో పనిచేస్తున్న ఆడవాళ్లు నలిగిన కాలిని కొంగులతో కట్టి, వచ్చే లారీని ఆపి ఎక్కించారు. వాళ్లు ఎవరో ఇప్పటికీ మాకు తెలియదు.

*

కుడికాలు మోకాలి కింద తీసేశారు.

నాలుగో రోజు రాజా మాట్లాడాడు. నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"నువ్వు ఫోను చేసినప్పుడు తొంభై మీదున్నాను నాన్నా. నువ్వన్నావని యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. తిరుగు ప్రయాణంలో కూడా యాభై మీదే వచ్చాను. ఆ తొంభై మీద ఉండుంటే..."

హైమ నా చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది.

"అత్తయ్యే మీ నోట పలికించింది మామయ్యగారూ. లేకపోతే ఎప్పుడూ లేనిది, పట్టపగలు డ్యూటీలో ఉండి మీరు ఫోను చెయ్యడమేమిటి?"

ఆ పిల్ల కన్నీళ్లు నా వేళ్ల మధ్యనుంచి జారాయి. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అదే రోజు సాయంత్రం లింగం బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. హైమ వార్డు గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"ఇంకా ఏం చూడ్డానికి వచ్చారు? మీ చేతి పని చూశాం, చాలు."

"చెల్లె, నేను..."

"చెల్లీ గిల్లీ ఏం వద్దు. బోల్టు బిగించడం రాని మనిషికి షెడ్డెందుకు?"

లింగం బత్తాయిల సంచి గుమ్మం పక్కన పెట్టి వెళ్లిపోయాడు. నేను లోపల మంచం పక్కన ఉన్నాను. అన్నీ వింటూనే ఉన్నాను.

రాజాను ఇంటికి తెచ్చుకున్నాం. లింగం షెడ్డులో ఉన్న రెండు కార్లు సగం పనిలోనే యజమానులు లాక్కెళ్లిపోయారని పాలవాడు చెప్పాడు. రాడ్ బోల్టు బిగించడం మరిచిపోయాడని పారిశ్రామికవాడ అంతా చెప్పుకుంటున్నారట. నేను ఫ్యాక్టరీకి వెళ్లొస్తున్నాను. ఇప్పుడు ప్రతి చెడ్డ ముక్క మీదా ముద్ర కొడుతున్నాను. మొగులయ్య సాయంత్రం వచ్చి అడుగుతున్నాడు. "ఎండలకు కొంచెం తేడాగా ఉంది," అంటున్నాను.

జూన్ రెండో వారంలో, వాన పడీ పడని ఒక పొద్దున, లింగం మా ఇంటికి వచ్చాడు. చేతిలో గుడ్డ మూట. హైమ వంటింట్లోంచి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. రాజా హాల్లో మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"కూసుంట అంటలేను చెల్లె. ఒక్క మాట అడిగి పోత," అన్నాడు లింగం. మూట విప్పి నేలమీద పెట్టాడు. రెండు ముక్కలైన రాడ్, దాని రెండు బోల్టులు. "ఇంజన్ మొత్తం ఇప్పిన సార్. బోల్టులు చూడున్రి, ఒక్కటి తెగలె, ఒక్కటి ఊడలె. రాడ్ నడుమల తెగింది. నేను పదో తరగతి దాక సదువుకున్నోన్ని, నాకు ఇంతకన్న తెల్వది. మీరు చూసి చెప్పున్రి. నా తప్పయితే నా తప్పే అనున్రి, షెడ్డు బంద్ చేసి మా ఊరికి పోత. మా అమ్మ గూడ నన్ను అడుగుతున్నది సార్, బిగియ్యకుంట పంపినవా అని."

తెగిన చోటు చూశాను. చాలాభాగం బూడిదరంగులో, నత్తగుల్ల మీది గీతల్లా అలలు. అది రోజూ రవ్వంత, రవ్వంత చీలుతూ వచ్చిన గుర్తు. ఆ అలలన్నీ ఒక మూల నుంచి మొదలయ్యాయి. అక్కడ గోరంత మేర నల్లగా ఉంది. ఆ నలుపు కారులో పుట్టింది కాదు. ఉక్కు ఎర్రగా ఉన్నప్పుడు, సుత్తి కింద మడతపడ్డప్పుడు పుట్టింది.

"నీ తప్పు కాదు లింగం," అన్నాను.

అక్కడితో ఆపొచ్చు. మెటీరియల్ చెడ్డదనొచ్చు, దుకాణం వాడు మోసం చేశాడనొచ్చు. లింగం తేలిపోతాడు, నేనూ తేలిపోతాను. రాజా నావైపు చూస్తున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటినుంచీ వాడు నన్ను అలాగే చూస్తున్నాడు, ప్రాణం పోసిన మనిషిని చూసినట్టు.

"ఇది చెడ్డ ముక్కని నాకు తెలుసు," అన్నాను. "తెలిసే ముద్ర కొట్టలేదు."

ఆగకుండా చెప్పాను. మొగులయ్య సంగతి, చాక్‌పీసు గీతలు, తుక్కు డ్రమ్ము. ఆ తుక్కు కొన్నవాళ్లు ఇలాంటి ముక్కల్ని ఏరి, చిన్న లేత్ షెడ్లలో చెక్కించి దుకాణాలకు అమ్మారన్నది ఇప్పుడు తెలుస్తోందని చెప్పాను. చివరికి ఫోను సంగతి కూడా. ఆ మధ్యాహ్నం ఆపమని చెప్పాల్సిందని, పక్కన మొగులయ్య ఉన్నాడని మెల్లగా పొమ్మన్నానని.

బయట ఎవరో బిందె దించిన చప్పుడు.

రాజా దుప్పటి కింద కాలు లేనిచోటు మీద చెయ్యి వేసుకున్నాడు. వాడు అరుస్తాడనుకున్నాను.

"అలాంటివి ఎన్ని పోయాయి నాన్నా బయటికి?"

"ఏడాదిన్నర నుంచి..."

"ఎన్ని?"

"రాయలేదురా. రాయకపోవడమే కదా నేను చేసింది."

వాడు కళ్లు మూసుకున్నాడు. హైమ వంటింటి గుమ్మంలోంచి కదిలింది. మూలనున్న కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, లింగం ముందు వేసింది.

"కూర్చో అన్నా," అంది.

నావైపు చూడలేదు.

*

మర్నాడు మేనేజరుకు చెప్పాను. ఆయన ముందు లేచి తలుపు మూశాడు. విన్నాక, "ఇది ఈ గది దాటకూడదు రామలింగేశ్వరరావుగారూ," అని ఒక తెల్లకాగితం నా ముందుకు తోశాడు. రాజీనామా రాసిచ్చాను. మొగులయ్యను ఆ పూటే సుత్తిమీంచి దింపారు.

సైకిలు స్టాండు దగ్గర కనిపించాడు. తాళం తీయడానికి వంగినవాడు నన్ను చూసి లేచాడు.

"రోజు అడిగిన గద సార్ నిన్ను. రోజు మంచిగున్నయంటివి."

"నీ పని పోతుందని మొగులయ్యా..."

"నువ్వు ముద్ర కొట్టుంటే నాకు రంది పుడుతుండె. కండ్ల డాక్టరు కాడికి పోతుంటి. ఎడమ కన్ను మసకయ్యి ఏడాది దాటింది. ముక్కలు మంచిగొస్తున్నయి గద, ఇంక కన్నుతోని ఏం పని అని ఊకున్న." అతను తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "నీ కొడుకు కాలు నా సుత్తి కింద పోయింది. గది సుత మంది నోట ఇన్న."

సైకిలు ఎక్కలేదు. నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

లింగం, నేను అతని స్కూటరు మీద దుకాణాలు తిరగడం మొదలుపెట్టాం. పటాన్‌చెరు, రామచంద్రాపురం, మళ్లీ సంగారెడ్డి. అచ్చు నంబరు ఏడున్న రాడ్లన్నీ బల్లమీద పెట్టించి చూసేవాళ్లం. వాటిలో పుణె నుంచి విడిగా వచ్చిన మంచివీ ఉన్నాయి, నా డ్రమ్ములోంచి వచ్చినవీ ఉన్నాయి. చెక్కి, నూనె పూసి, నునుపు చేశాక రెండూ ఒక్కలాగే ఉన్నాయి. చీకటి గది ఇప్పుడు నాకు లేదు. దుకాణాల వాళ్లు విసుక్కున్నారు. ఒకడు, "ఏంది సార్, పెండ్లిసూపులా?" అని నవ్వాడు.

మూడో రోజు రామచంద్రాపురంలో, మా తిరుగుడు సంగతి ఎవరి నోట విన్నాడో, మేం వెళ్లేసరికే మొగులయ్య దుకాణం ముందు సైకిలు ఆపుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని పలకరించలేదు. లోపలికొచ్చి బల్ల దగ్గర నిలబడి, మొదటి రాడ్ ఎత్తాడు. కళ్లతో చూడలేదు. నడుం గాడి అంచు మీద బొటనవేలు పెట్టి మెల్లగా జరిపాడు.

"ఇది నాది," అని ఎడమవైపు పెట్టాడు.

రెండోది ఎత్తాడు. "ఇది కాదు. మూడో సుత్తిది." కుడివైపు పెట్టాడు.

"నాది."

"నాది."

"ఇది కాదు."

ఎడమవైపు పదకొండు చేరాయి. నేనుండబట్టలేక అన్నాను: "వాటిలో మంచివి కూడా ఉంటాయి మొగులయ్యా."

"ఏది మంచిదో ఎవలు చెప్పాలె సార్?" అన్నాడు తల ఎత్తకుండానే. "నువ్వా?"

లింగం దుకాణదారు వైపు తిరిగాడు. "ఇంక ఉన్నయా సేట్, ఈ తీరువి?"

"ఉండె. రెండు పెట్టెలు బీదరు పోయినయి మొన్న మార్చిల. ఒకటి నాందేడు పోయినట్టున్నది."

నేను డబ్బు కట్టాక మొగులయ్య పదకొండు రాడ్లనూ గోనెసంచిలో వేసి, మూతి బిగించి కట్టాడు. బయట సన్నగా వాన మొదలైంది. సంచిని సైకిలు మీదికి ఎత్తబోతే నేను ఒక చివర పట్టుకున్నాను. అతను వద్దనలేదు.

"బీదరుకు మొదటి బస్సు ఎన్నింటికి లింగం?" అని అడిగాడు.